గోడ అవతలి బుట్టబంతి

గోడ అవతల చప్పుడు ఆగిపోయింది.

జట్కా మజీదు నోట్లో పెట్టుకోబోతున్న బీడీ వేళ్ళ మధ్యే ఉండిపోయింది. నాలుగేళ్ళుగా ఆ గోడ పక్కన బండి ఆపుకుని కూర్చుంటున్న మనిషి అతను. అవతల ఏ చప్పుడు వస్తే ఏం జరుగుతోందో అతనికి తెలుసు. దబదబమని వినబడితే బంతి నేల మీద ఉంది. కేకలు ఒక్కసారిగా పైకి లేస్తే పిల్లలు బుట్ట దగ్గరికి చేరారు. ఈల మోగితే ఎవరో తప్పు చేశారు. ఈల మోగినా కాసేపటికి మళ్ళీ దబదబ మొదలవ్వాలి.

ఈసారి మొదలవ్వలేదు. పైగా ఈలకి ముందు పాత గోనెసంచి చింపినట్టు పర్రుమని ఒక చప్పుడు వచ్చింది. నాలుగేళ్ళలో మజీదు ఆ చప్పుడు వినలేదు.

"ఏమైందే లోపల?" అని గుర్రాన్ని అడిగాడు. బిజిలీ చెవులు ఆడించి ఊరుకుంది.

నరసరావుపేటలో మిషన్ వాళ్ళ ఆడపిల్లల బడి గోడ మామూలు గోడ కాదు. జట్కా మీద నిలబడినా అవతల ఏమీ కనబడదు. గోడ నెత్తిన గాజుపెంకులు గుచ్చి ఉంటాయి. లోపల ఆటలు జరుగుతున్నంతసేపూ మగవాడు గేటు దాటకూడదనేది బడి నడిపే దొరసానమ్మ పెట్టిన నియమం. ఆ నియమాన్ని ఊరంతా చాటింది మాత్రం మజీదే. పరదా కట్టిన జట్కాలో ఆడపిల్లల్ని బడికి చేర్చడం అతని పని. సాహెబుల ఇళ్ళకీ, బజారులో వ్యాపారుల ఇళ్ళకీ తిరిగి, "లోపలికి మగపురుగు కూడా రాదు. గేటు దగ్గర నేనుంటా. నాదీ పూచీ" అని చెప్పి మరీ పిల్లల్ని బండెక్కించాడు. అందరికంటే ముందు ఎక్కించింది తన కూతురు జీనత్‌ని.

అలా తను ఇచ్చిన పూచీకి తనే కట్టుబడి, కూతురి ఆట ఒక్కసారైనా చూడకుండా నాలుగేళ్ళు గడిపాడు.

చూడకపోతేనేం, విన్నాడు. బడిలో చేరిన మొదటి వారంలోనే జీనత్ తండ్రితో చెప్పింది: "అబ్బా, ఆట అయిపోగానే నేను బంతితో ఇనప రింగుని ఒకసారి మోగిస్తా. అది ఇనపడితే బండి గేటు కాడికి తోలుకురా." ఆ సాయంత్రం రింగు ఖణేల్‌మని మోగింది. గుండెలో ఎవరో గంట కొట్టినట్టయింది మజీదుకి. తల్లిలేని పిల్ల. భార్య బషీరున్నీసా పోయేనాటికి పాలు మరవని పిల్ల. ఆ పిల్ల చేతిలోంచి అంత గట్టి చప్పుడా!

ఆ రోజు నుంచి గోడ అవతల ఖణేల్‌మన్న ప్రతిసారీ మజీదు మీసం మీద చెయ్యి వేశాడు.

ఆ తర్వాత జీనత్ పేరు పెరుగుతూనే వచ్చింది. మొదటి ఏడు బంతి అందించే పిల్ల, రెండో ఏడు బుట్ట కింద నిలబడే పిల్ల. తెనాలి వాళ్ళనీ, బాపట్ల వాళ్ళనీ ఓడించి గుంటూరులో జిల్లా కప్పు పట్టుకొచ్చింది. మరుసటి ఏడు మళ్ళీ తెచ్చింది. ఈ ఏడు జట్టుకి నాయకురాలు. గెలిచిన కప్పుతో రైలు దిగిన రెండుసార్లూ స్టేషన్ బయట బిజిలీ మెడలో బంతిపూల దండ వేసి నిలబెట్టాడు మజీదు. ఇక జట్కా స్టాండులో అతని నోటికి అడ్డే లేదు.

"ఇయ్యాల పదకొండుసార్లు మోగించింది నా బిడ్డ!"

పక్క జట్కా నాగూర్ వలి ఊరుకునే రకం కాదు. "నువ్వు చూశావా మజీదన్నా?"

"చూడాల్సిన పని లేదు. విన్నా."

"ఇంటే సరిపోద్దా? నేనూ సినిమా హాలు గోడ పక్కన బండాపి సగం సినిమాలు విన్నా. కథ మాత్రం ఒక్కటీ అర్థం కాలా."

"నీ బుర్ర అట్టాంటిది."

ఎప్పుడన్నా రింగు తక్కువసార్లు మోగిన రోజు ఉండేది. ఆ రోజు మజీదు దారిలో మిఠాయి కొట్టు ముందు బండాపి జిలేబీ పొట్లం కట్టించి, పరదా కిందుగా లోపలికి అందించేవాడు. "పోనీలే బేటీ, రేపు మోగుద్దిలే" అనేవాడు. పరదా వెనక నుంచి జవాబు వచ్చేది కాదు. జిలేబీ నములుతున్న చప్పుడు మాత్రం వచ్చేది.

అదంతా ఒక ఎత్తు. ఈ రోజు ఆట ఒక ఎత్తు.

వారం కిందట దొరసానమ్మ మజీదుని బడి వరండాలోకి పిలిపించింది. ఆమె తెలుగు బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు. "మజీద్ గారూ, మీ కుమార్తె చేతులలో దేవుడు ఒక వరము ఉంచెను. మదరాసులో ఆటలు నేర్పు ఉపాధ్యాయినులకు కళాశాల కలదు. గుంటూరు దొరసాని వారు తమ జట్టుతో ఇక్కడికి వచ్చుచున్నారు. మన పిల్లలు మూడవ మారు కప్పు నిలిపిన యెడల జీనత్‌కు అక్కడ చోటు ఇప్పింతురు. చదువు రుసుము ఉండదు, భోజనము వారిదే. అయితే తండ్రి ఒప్పుకొనవలెను. వారు ఆట దినమున సాయంత్రపు బండికి వెళ్ళుదురు. అంతలో మీ మాట కావలెను."

మజీదు అవుననలేదు, కాదనలేదు. ఇంటికెళ్ళి తల్లి ఖాతూన్ బీకి చెప్పాడు. ముసలమ్మ తమలపాకు ఈనె తీస్తూ, "ఇక్కడ గోడ చాటునే ఆడతందని ఊరందరికీ తెలుసు. మద్రాసులో గోడ ఉందో లేదో ఎవురికి ఎరుక? నీ బిడ్డ, నీ ఇష్టం. నన్ను మాత్రం అడగమాక" అంది.

గోడ సంగతి పక్కన పెడితే, మజీదు దిగులు వేరు. మద్రాసు ఆటల చప్పుడు నరసరావుపేటకి వినబడదు. జీనత్ వెళ్ళిపోతే సాయంత్రాలు ఈ గోడ పక్కన తను ఏం వినాలి?

అందుకే, చప్పుడు ఆగిన ఆ క్షణంలో మజీదుకి భయం వేసిన మాట నిజమే. భయం అడుగున ఇంకోటి కదిలిన మాటా నిజమే.

గేటు తలుపు కిర్రుమంది. బడి ఆయా మార్తమ్మ తల బయటికి వచ్చింది.

"మజీదన్నా, కొంప మునిగింది. బంతి కుట్టు ఊడింది. లోపలి రబ్బరు తిత్తి ఎలకపిల్లలా బయటికొచ్చింది. రత్నకుమారి టీచరు గబుక్కున గాలి తీసింది గాబట్టి తిత్తి మిగిలింది."

"ఇంకో బంతి లేదా?"

"యుద్ధం మొదలైన కాణ్ణుంచీ మద్రాసుకి రాస్తానే ఉంది దొరసానమ్మ. యుద్ధం అయిపోయింది, బంతి మాత్రం రాలా. గుంటూరోళ్ళేమో బంతి మీ పూచీ గదా అని చేతులూపుకుంటా వచ్చారు. చెప్పులు కుట్టే ఇశ్రాయేలు కోసం మనిషిని పంపితే, తిరణాలకి పోయినోడు ఇంకా తిరిగి రాలేదంట."

శివరాత్రి వెళ్ళి రెండు రోజులే అయింది. కోటప్పకొండ తిరణాలలో చెప్పుల బేరం ముగిసేదాకా ఇశ్రాయేలు ఊళ్ళోకి రాడు.

"ఇప్పుడెట్టా మరి?"

"ఎట్టా ఏముంది? మనం ఒక్క పాయింటు ఎనకున్నాం. మాచర్ల బండి వచ్చేలోపు ఆట అవ్వకపోతే కప్పు గుంటూరోళ్ళతో పోద్దంట. అదంట రూలు. పిల్లలు ఏడవటం ఒక్కటే తక్కువ."

మార్తమ్మ తల లోపలికి వెళ్ళిపోయింది.

మజీదు కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. అతని సీటు కింద ఒక గుడ్డ మూట ఉంది. అందులో జీను కుట్టే లావుపాటి సూది, మైనం పట్టించిన దారం ఉన్నాయి. తిరణాల బేరాల్లో బిజిలీ తోలు పట్టెడ తెగితే ఈ ఉదయమే కుట్టాడు. ఆ సంగతి మార్తమ్మకి తెలియదు. దొరసానమ్మకి తెలియదు. తను నోరు మూసుకుని కూర్చుంటే బండి వస్తుంది. గుంటూరు వాళ్ళు కప్పు పట్టుకుని ఎక్కుతారు. మద్రాసు మాట ఎత్తేవాళ్ళు ఉండరు. రేపు సాయంత్రం మళ్ళీ తను, గోడ, బిజిలీ. తప్పు ఎవరిది? ఎవరిదీ కాదు. కుట్టు ఊడింది, అంతే.

"అబ్బా!"

గోడ అవతల నుంచి జీనత్ గొంతు.

ఈ ఉదయం పట్టెడ కుడుతున్నప్పుడు దారానికి మైనం రాసి ఇచ్చింది జీనతే.

"అబ్బా! సూది బండిలోనే ఉందిగా?"

లేదమ్మా, ఇంటికాడ పెట్టొచ్చా. ఆ మాట మజీదు నాలిక మీదికి వచ్చింది. అక్కడే నిలబడింది.

జవాబు కోసం అవతల ఎవరూ ఆగలేదు. గాజుపెంకుల పైనుంచి గాలి తీసిన తోలు బంతి ఎగిరి వచ్చి, సరిగ్గా మజీదు ఒళ్ళో పడింది. అతను ఎక్కడ కూర్చుంటాడో ఆమెకి తెలుసు. అంగుళం అటూ ఇటూ కాలేదు.

మజీదు ఒళ్ళో బంతిని చూశాడు. నాలుగేళ్ళు విన్న బంతిని చేత్తో తాకడం అదే మొదలు. అరిగి అరిగి నున్నబడిపోయింది. ఏ పిల్లదో ఆకుపచ్చ గాజుముక్క కుట్టులో ఇరుక్కుని ఉంది.

"ఉందిలే బేటీ!" అని అరిచాడు.

సూది తీశాడు. లోపలి తిత్తికి సూది మొన తగిలితే అంతా పోయినట్టే. అందుకని ఎడమచేతి వేలు లోపలికి దూర్చి, తిత్తికీ తోలుకీ మధ్య అడ్డం పెట్టాడు. అంటే దిగిన ప్రతి కుట్టుకీ మొన ముందుగా తన వేలికే తగలాలి. తగిలింది. పళ్ళు బిగించి లాగాడు. వదులుగా కుడితే నాలుగు దెబ్బలకే ఊడుతుందన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చినదాన్ని అలాగే పోనిచ్చాడు. వదులుగా కుట్టడం ఆ చేతులకి రాదు.

గేటు దగ్గర బంతి అందుకున్న దొరసానమ్మ కుట్టు చూసి ఊపిరి పీల్చుకుంది. "ఇది మరల ఊడిన యెడల?"

"చెప్పలేనమ్మగారూ. పాత తోలు."

"అట్లయిన మీరు లోపల సిద్ధముగా ఉండవలెను."

మజీదు రెండడుగులు వెనక్కి వేశాడు. "వద్దమ్మగారూ. మగోడు అడుగు పెట్టడని ఊరందరికీ నేనే మాటిచ్చా."

"నా రెండో చీర ఉతికి ఆరేసుంది. కట్టుకుంటావా అన్నా?" అంది మార్తమ్మ.

దొరసానమ్మ నవ్వలేదు. "స్టూలు వేయించెదను. మీ ముఖము గోడ వైపు ఉండవలెను. ఆట ముగియు వరకు తిరుగరాదు."

"గోడ నాకు అలవాటేనమ్మగారూ," అన్నాడు మజీదు.

అలా నాలుగేళ్ళ తర్వాత మజీదు గోడ ఇవతలి నుంచి అవతలికి వచ్చి, మళ్ళీ గోడనే చూస్తూ కూర్చున్నాడు. ఒళ్ళో సూదీ దారం. వెనక మార్తమ్మ కాపలా.

పంపుతో బంతికి గాలి కొడుతున్న బుస వినబడింది. ఈల మోగింది. దబదబ మొదలైంది. ఎంత దగ్గరగా వినబడుతోందో! కొత్త కుట్టు ఉన్న వైపు నేలకి తగిలినప్పుడు చప్పుడు కాస్త మందంగా వస్తోంది. ఆ మందపు చప్పుడు వచ్చినప్పుడల్లా మజీదు భుజాలు బిగుసుకుంటున్నాయి. కుట్టు ఆగింది. మళ్ళీ ఆగింది.

ఖణేల్!

"శెబాష్ బేటీ!" అని తొడ మీద చరుచుకున్నాడు మజీదు.

"ఏంది శెబాషు?" అంది వెనక నుంచి మార్తమ్మ. "అది గుంటూరు పిల్లది. పైగా పడలా. దేవుడు మనవైపున్నాడు."

మజీదు నాలిక కరుచుకున్నాడు. కాసేపటికి మళ్ళీ ఖణేల్.

"ఇది మనదేగా?"

"మనదే. మన సుబ్బరత్నం ఏసింది. రింగుకి కొట్టుకుని ఎనక్కొచ్చింది."

"మరి జీనత్ మోగించదే?"

"జీనత్ ఎందుకు మోగిస్తది?"

"మోగితేనే గదా పడ్డట్టు!"

మార్తమ్మ ముందుకు వచ్చి, మజీదు మొహంలోకి వంగి చూసింది. వేళాకోళం ఆడుతున్నాడేమో అనుకుంది. కాదని తెలిసింది.

"అన్నా, ఖణేలంటే బంతి ఇనుముకి తగిలినట్టు. కొందరిది తగిలి లోపల పడుద్ది, చానామందిది తగిలి బయట పడుద్ది. మీ అమ్మాయిది తగలదు. ఇనుముకీ తగలదు, ఎనకున్న చెక్కకీ తగలదు. బావిలో చేద దించినట్టు దిగుద్ది. చప్పుడుండదు. నాలుగేళ్ళ నుంచీ చూస్తన్నా, ఆటలో ఆ పిల్ల బంతి మోగంగా నేను వినలా. అంతా అయిపోయినాక మాత్రం ఒకసారి కావాలని మోగిస్తది. ఎందుకో మరి."

మజీదు గోడ వైపే చూస్తున్నాడు. సున్నం పెచ్చు ఊడిన చోట చీమలు బారుగా పోతున్నాయి.

పదకొండుసార్లు మోగించిందని స్టాండులో తను డప్పు కొట్టుకున్న రోజు? ఆ మోతలన్నీ ఎవరివో. ఎవరెవరి తప్పిపోయిన బంతులకో తను మీసం తిప్పాడు. మరి మోత తక్కువైన రోజులు? ఆ రోజులే ఆమెవి. ఆ రోజులే తను మొహం వేలాడేసుకుని, పోనీలే బేటీ అని ఓదార్చి, జిలేబీ కొనిపెట్టాడు. కప్పు ఆటకి ఎంపికైన రోజు కూడా ఓదార్చాడు! ఆ పిల్ల ఒక్క మాట అనలేదు. పరదా వెనక కూర్చుని జిలేబీ తింది.

"యా అల్లా," అనుకున్నాడు. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో అతనికే తెలియలేదు. ఇన్నాళ్ళూ కూతురి ఆట విన్నాననుకున్నాడు. కూతురి ఆట తప్ప మిగతా అందరి ఆటా విన్నాడు.

మార్తమ్మ చెబుతూనే ఉంది. గుంటూరు వాళ్ళు బంతి తమ వైపే తిప్పుకుంటున్నారట. పొద్దు గడిపేస్తే చాలునని చూస్తున్నారట. మన పిల్లలు పైపైకి వెళ్తున్నారట.

దూరంగా రైలు కూత వినబడింది. మాచర్ల వైపు నుంచి.

"అయిపోయింది," అంది మార్తమ్మ. "గుంటూరు దొరసాని గడియారం తీసింది... ఆగాగు. సుబ్బరత్నం లాగేసుకుంది! జీనత్‌కి ఇచ్చింది. చానా దూరంలో ఉందే... ఏసేస్తదా ఏంది అక్కణ్ణుంచే?"

అంతే. మార్తమ్మ గొంతు కూడా ఆగిపోయింది.

మజీదు కళ్ళు మూసుకున్నాడు. వేలి నుంచి కారిన నెత్తురు దారం ఉండకి అంటుకుంది. నాలుగేళ్ళుగా ఏ చప్పుడు కోసం చెవులు రిక్కించాడో ఆ చప్పుడు ఇప్పుడు రాకూడదు. మోగకూడదు. మోగమాక. మోగమాకే తల్లీ.

మోగలేదు.

నేల మీద మందంగా ఒక్క దెబ్బ. తన కుట్టు పడ్డ చప్పుడు.

ఆ వెంటనే గోడలు అదిరేలా కేకలు. ఎవరివి? ఏ జట్టువి? కేకలకి ఊరి పేర్లు ఉండవు. మార్తమ్మని అడుగుదామంటే ఆమె "హల్లెలూయ" తప్ప ఇంకో మాట అనడం లేదు. అది ఏడుస్తూ అంటోందో నవ్వుతూ అంటోందో గోడ వైపు చూస్తున్నవాడికి ఎలా తెలుస్తుంది? ఆట ముగిసిందా, ఇంకా ఉందా? తిరగొచ్చా, తిరగకూడదా?

అప్పుడు ఆ కేకలన్నిటి మధ్యలోంచి, తీరిగ్గా, స్పష్టంగా వినిపించింది.

ఖణేల్!

ఆట అయిపోయింది అబ్బా, బండి గేటు కాడికి తోలుకురా.

మజీదు అలవాటు కొద్దీ లేచాడు. లేచి వెనక్కి తిరిగాడు.

దుమ్ములో ఇనప రింగు కింద ఒక పిల్ల నిలబడి ఉంది. ఓణీ నడుముకి బిగించి కట్టింది. జడ ఊడిపోయింది. మోకాలి దగ్గర పైజామా చిరిగి, అక్కడ మట్టి అంటుకుంది. చెయ్యి ఇంకా పైకే ఉంది. మజీదు మనసులో ఇన్నాళ్ళూ ఆడింది చిన్నపిల్ల. ఈ పిల్ల తనంత పొడుగుంది.

తండ్రి తన వైపు చూస్తున్నాడని జీనత్ గమనించింది. చెయ్యి తటాలున దించి, ఓణీ కోసం తడుముకుంది. అంతలోనే ఏమనుకుందో, బంతి చంకలో పెట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అబ్బా, కుట్టు ఊడలా చూశావా!" అంటూ బంతి చూపించింది. కుట్టు పొడుగునా ఎర్రటి చుక్కలున్నాయి. ఆమె ఆ చుక్కల్ని చూసింది. తండ్రి వేలిని చూసింది. నవ్వు ఆగిపోయింది.

"అది సరేగానీ, నీ బంతి మోగదని నాలుగేళ్ళూ నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు మజీదు.

జీనత్ తల వంచుకుంది. "చెబితే జిలేబీ తేవడం మానేస్తావని."

మజీదు గట్టిగా నవ్వాడు. ఆ ఆవరణలో మగవాడి నవ్వు వినబడటం అదే మొదటిసారి. పిల్లలందరూ గబుక్కున అటు తిరిగి, ఓణీలు తలల మీదికి లాక్కున్నారు. మార్తమ్మ అతన్ని గేటు వైపు నెట్టింది. "పో అన్నా, పో! బండొచ్చే ఏళయింది. దొరసానిని స్టేషన్లో దించొద్దా?"

బిజిలీ ఆ సాయంత్రం పరుగెత్తినట్టు ఎన్నడూ పరుగెత్తలేదు. వెనక నాగూర్ వలి బండిలో గుంటూరు పిల్లలు, ముందు మజీదు బండిలో గుంటూరు దొరసాని. బళ్ళు స్టేషన్ ముందు ఆగేసరికి రైలు ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది.

దొరసాని దిగింది. "కప్పు మీదే. సంతోషం. మరి మీ మాట ఏమిటి?"

మజీదు పగ్గాలు చేతికి చుట్టుకున్నాడు. "ఒక్కటి అడగాలమ్మగారూ. మద్రాసులో పిల్లలు ఆడే చోట గోడ ఉందా?"

దొరసాని మొహం మాడింది. ఆమె ఈ ప్రశ్నకి చాలా ఇళ్ళలో జవాబు చెప్పుకుని ఓడిపోయిన మనిషి. అయినా అబద్ధం చెప్పలేదు. "లేదు. చుట్టూ తీగ కంచె, అంతే. ఎవరైనా నిలబడి చూడవచ్చు."

"ఎవురైనా?"

"ఎవరైనా."

"అంటే, టిక్కెట్టు కొనుక్కుని రైలెక్కి వస్తే, నేను కూడా?"

దొరసాని అతని వైపు వింతగా చూసింది. "తప్పకుండా. తండ్రులకి కుర్చీ కూడా వేస్తారు."

"అయితే రాసుకోండమ్మగారూ. జీనతున్నీసా. తండ్రి షేక్ అబ్దుల్ మజీద్. జట్కా తోలతాడు."

రైలు కదిలిపోయింది. బడి దగ్గర జీనత్‌ని ఎక్కించుకుని ఇంటికి పోయేదారిలో మిఠాయి కొట్టు ముందు బండి ఆపాడు మజీదు. "గెలిచిన రోజు గదా, మామూలే," అని ఒక పొట్లం పరదా కింద నుంచి అందించాడు. రెండో పొట్లం తన తల్లికి కట్టించాడు. ఖాతూన్ బీని ఏమీ అడగలేదు. అడగవద్దంది కదా. ముసలమ్మ జిలేబీ విరిచి నోట్లో వేసుకుని, "మద్రాసులో చలి ఉంటదా? దుప్పటి కుట్టాలా?" అని మాత్రం అంది.

జట్కా స్టాండులో మజీదు గొప్పలు ఆ తర్వాత తగ్గలేదు కానీ మారిపోయాయి. "నా బిడ్డ ఆడితే గోడ పక్కనున్నోడికి కూడా తెలీదు, అంత నిశ్శబ్దం!" అని మొదలుపెట్టేవాడు. నాగూర్ వలికి అది పాత గొప్ప కంటే తలనొప్పి అయింది.

జీనత్ మద్రాసులో నెగ్గుకొచ్చింది. మొదటి ఏడాదే కాలేజీ జట్టులోకి వెళ్ళింది, రెండో ఏడాది ఆ జట్టుని నడిపింది. బెంగుళూరు నుంచి వచ్చిన వాళ్ళని ఓడించి దక్షిణాది కప్పు ఎత్తింది. ఆ ఆట పేపర్లో ఓ మూలన పడితే, ఆ ముక్క కత్తిరించి జట్కా లోపల, పరదాకి ఎదురుగా అంటించాడు మజీదు. చదువు పూర్తయి, అక్కడే చిన్నపిల్లలకి ఆట నేర్పే ఉద్యోగంలో చేరబోయే ముందు, కాలేజీ తరఫున ఆమె ఆడిన ఆఖరి ఆట ఒకటి ఉంది. దానికి మజీదు నరసరావుపేట నుంచి రైలెక్కాడు. నాగూర్ వలిని కూడా లాక్కెళ్ళాడు. గుంటూరు దొరసాని చెప్పింది నిజమే. తీగ కంచె పక్కన తండ్రులకి కుర్చీలు వేశారు. ఒళ్ళో జిలేబీ పొట్లం పెట్టుకుని మజీదు ముందు వరసలో కూర్చున్నాడు.

జీనత్ బంతి అందుకుంది. చూస్తున్న జనం లేచి నిలబడ్డారు. నాగూర్ వలి ఉత్సాహం పట్టలేక పక్కకి తిరిగాడు. మజీదు కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"ఒరేయ్ అన్నా! ఇంత దూరం వచ్చి, ఇప్పుడు కళ్ళు మూసుకుంటావేంది?"

"మాట్లాడమాక," అన్నాడు మజీదు. "వింటన్నా."

ఆట అయిపోయి, జనం చెదురుతున్నారు. చివర్లో ఇనుము మీద బంతి ఖణేల్‌మంది. మజీదు చటుక్కున లేచి, "పద నాగూరూ, బండి గేటు కాడికి తోలాలి" అంటూ నాలుగడుగులు వేశాక గానీ, ఇది మద్రాసనీ, బండీ బిజిలీ నరసరావుపేటలో ఉన్నాయనీ అతనికి గుర్తు రాలేదు.